మెడ తిరిగిన మొక్క

"గిదేనా?" అన్నాడు పోలీసు జమేదారు.

భీమవ్వ వంగి చూసింది. చెరకు మడి గట్టు వెంట, కాలువ నీళ్లు పారి ఆరిన జిగట మట్టిలో ఆ మొక్కలు నిలబడీ లేవు, పడుకునీ లేవు. కాడలు పాము మెలికల్లా తిరిగాయి. ఆకులు సన్నగా పట్టీల్లా సాగి కొసలు నేలకు గుచ్చుకున్నాయి. ఆమె కుడిచెయ్యి ఒక కాడ దాకా పోయి ఆగింది. కళ్లు మూసుకుని పట్టినా ఇది గరిక, ఇది తుంగ, ఇది చెంచలి అని చెప్పే చెయ్యి అది. నలభై ఏళ్లుగా కలుపు తీస్తున్న చెయ్యి. ఇవాళ ఏమీ చెప్పలేదు.

"ఏయ్ ముసల్దానా, నిన్నే. ఆ పొద్దు నువ్వు తెంపింది గిదేనా, కాదా? సీదా చెప్పు."

"గిది కాదు సారూ. నేను తెంపింది ఎప్పటి కూరాకే."

"మరి గిదేంది?"

"నాకెర్క లేదు. గిసొంటిదాన్ని నేనెన్నడు సూడలే."

వెనక నిలబడ్డ ఫారం మేనేజరు రామ్‌దాస్ నవ్వాడు. "విన్నరా జమేదార్ సాబ్? ఎర్క లేదట. ఎర్క లేనిదాన్ని తెంపి, వండి, నలుగురికి పెట్టింది."

నలుగురికి కాదు, ఆమెతో కలిపి ఐదుగురు. సోమవారం నాడు ఈ గట్టు మీదే కూర తెంపి, మూడు రాళ్ల మీద కుండ పెట్టి, జొన్నరొట్టెల్లోకి వండింది భీమవ్వే. కలుపు ముఠాకు కూర వండే పని ఎప్పుడూ ఆమెదే. కొంగులో కూర తెచ్చేది ఆమె, ముందు అందరికీ వేసేది ఆమె, కడకు కుండ గోకి తినేది ఆమె. ముద్ద దిగి అరగంట కాకముందే ఐదుగురికీ కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. ముగ్గురు ఇంకా బోధన్ దవాఖానాలో ఉన్నారు. ఈరవ్వ నిన్న పోయింది. ఇరవై ఏళ్లు భీమవ్వ పక్క సాలులో కూర్చుని కలుపు తీసిన ఈరవ్వ.

"ఫోటో తియ్యవయ్యా," అన్నాడు జమేదారు.

బోధన్‌లో స్టూడియో ఉన్న లక్ష్మీరాజం డబ్బా కెమెరా పొట్టకు ఆనించుకుని, పై నుంచి అద్దంలోకి చూస్తూ వంగాడు. పొద్దున దవాఖానాలో ఈరవ్వ శవాన్ని తీసిన కెమెరా అదే. "రీలుల మూడే మిగిలినయి సాబ్," అన్నాడు. "అవ్వా, జర పక్కకు జరుగు. నీ నీడ పడుతున్నది."

భీమవ్వ జరిగింది. మూడుసార్లు చిటుక్కుమంది డబ్బా. జమేదారు ఒక మొక్కను వేళ్లతో పెరికి, మట్టితో సహా తడి గోనెసంచిలో కుక్కి సైకిలు వెనక కట్టుకున్నాడు. పంచనామా కాయితం మీద 'గుర్తు తెలియని అడవి మొక్క' అని రాసి, చదివి వినిపించాడు. భీమవ్వ బొటనవేలు పట్టి సిరాలో ముంచాడు. కింద అద్దాడు.

*

మర్నాడు పొద్దున భీమవ్వ పొయ్యి ముందు కూర్చుని కుండలో ఎసరు పెట్టింది. కోడలు తారాబాయి లోపలికి వచ్చి ఆమె చేతిలోంచి గరిటె తీసుకుంది. లాక్కోలేదు. మెల్లగానే తీసుకుంది.

"నువ్వు కూసో అత్తా. నేను జేస్త."

తిట్టినా బాగుండేది.

బయట అరుగు మీద ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తున్నారు. కలుపు లేని రోజు ఎడపల్లిలో ఆ వాడకు బీడీలే గతి. భీమవ్వ తన చాట పట్టుకుని పోయి కూర్చుంది. పక్కనున్న రాధాబాయి కత్తిరించిన తునికాకు కట్ట తీసి రెండో వైపు పెట్టుకుంది. అంతే. పెట్టెలో పొగాకు అయిపోతే ఒకరి చాటలోంచి ఒకరు చిటికెడు తీసుకునేవాళ్లు, ఇవాళ భీమవ్వ చాటలో ఎవరూ చెయ్యి పెట్టలేదు. చూపు మందగించిన ముసల్ది, కళ్లు కనబడక ఏదో విషం తెంపింది అని వాడంతా అనుకుంటోంది. భీమవ్వ వేళ్లు బీడీ చుడుతూనే ఉన్నాయి. దారం చుట్టిన చోట తెగి, మళ్లీ చుట్టి, మళ్లీ తెగింది. ఆ చేతుల్ని ఆమె కూడా పరాయివాళ్ల చేతుల్లాగే చూసింది.

నిజంగానే తప్పు తెంపానా? కాదు అనడానికి చెయ్యి తప్ప సాక్ష్యం లేదు. ఆ చెయ్యే నిన్న గట్టు మీద మూగబోయింది.

పక్కింటి గడప ముందు ఈరవ్వ మొగుడు భూమన్న మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. ఊరి కాలువకు నీరడి అతను. ఏ తూము ఎప్పుడు తీయాలో, ఏ మడికి ఎంత పారాలో చూడడం అతని పని. భీమవ్వ పోయి నాలుగడుగుల దూరంలో నిలబడింది.

"భూమన్నా."

అతను తలెత్తలేదు.

"నేను గూడ తిన్న భూమన్నా."

"తిన్నవు. బతికినవు."

"అందరికేసినంక కుండ గోకితె అంటిందే నాకు. ఈరవ్వ ఇంకింత ఎయ్యుమన్నది. ఏసిన."

భూమన్న కాలి బొటనవేలితో నేల గీకాడు.

భీమవ్వ పోబోయి ఆగింది. నాలుగు రోజులుగా నలుపుతున్న మాట నోటికొచ్చింది. "ఆ పొద్దు వాన పడ్డదా?"

"ఏం వాన? సుక్క రాలక పది దినాలైంది. శ్రావణమాసమా ఇది? నిరుటి కరువే నయముండె."

"ఆకు తడిసి ఉండె. కొంగుకు తడి అంటింది. చేతులకు జిగట. నేను రాత్రి వాన పడ్డదనుకున్న. కాలువల కడిగిన. కడిగినా జిగట పోలే."

భూమన్న అప్పుడు తలెత్తాడు. ఏదో అనబోయాడు. అంతలో వాడ మొగదల మోటారుసైకిలు చప్పుడైంది. అతను మళ్లీ తల దించుకున్నాడు.

రామ్‌దాస్ బండి ఆపాడు గానీ దిగలేదు. ఒక కాలు నేల మీద పెట్టి భీమవ్వను పిలిచాడు. ఫారం యజమాని పటేలు దగ్గర పనికి చేరిన కొత్తలో ఇతనే ఆడవాళ్లను "అక్కా, అవ్వా" అనేవాడు. ఫారం పెరిగాక ఆ పిలుపులు పోయాయి. ఇవాళ మళ్లీ వచ్చాయి.

"అవ్వా, మంగళవారం నిన్ను నిజామాబాద్ తీస్కపోతరు. వ్యవసాయం ఆఫీసరు ఫోటోలు సూస్తడు. నిన్ను అడుగుతడు. నిన్న చెప్పిందే చెప్పు. ఎర్క లేదు, అంతే."

"నాకు నిజంగనే ఎర్క లేదు."

"మంచిదైంది. ఆయనకు గూడ ఎర్క ఉండది. ఎవ్వలికి ఎర్క లేని అడివి మొక్క. దేవుడు జేసిన పని అని కేసు బంద్ జేస్తరు. దసరా దాంక మీ ముఠాకు పటేలు పని ఇడువడు. నేను జిమ్మా."

"మరి కింది సగం మడికి కూలోళ్లొద్దన్నరు గద ఈ ఏడు? మీరే సూసుకుంటమన్నరు. గది గూడ ఇస్తరా?"

రామ్‌దాస్ ముఖం ఒక్క క్షణం బిగిసింది. "గా ముచ్చట నీకెందుకు? నీ మెడ మీద కత్తి ఉన్నది, దాని సంగతి సూసుకో. ఎర్క ఉన్నదంటివా, ఈరవ్వను నీ చెయ్యే సంపిందని కాయితం మీద కెక్కుతది. ఈ వయసుల జేలుకు పోతవా?"

బండి పోయింది. పొగ వాడలో చాలాసేపు నిలిచింది.

ఇందులో అబద్ధం కూడా ఆడక్కర్లేదు. అదే భీమవ్వకు నచ్చలేదు. మేనేజరు నిజం చెప్పమని బతిమాలడం ఆమె ఎన్నడూ చూడలేదు.

మధ్యాహ్నం ఎండలో ఒక్కతే ఫారానికి నడిచింది. మొక్కను ఇంకోసారి చూడాలి, పట్టుకోవాలి, వాసన చూడాలి. గట్టు దగ్గరికి పోయి నిలబడిపోయింది. గట్టును పారలతో నున్నగా చెక్కేశారు. మడిలో సాళ్ల మధ్య గుంటుక తోలేశారు. పచ్చనిది ఏదీ మిగల్లేదు, మోకాలెత్తు చెరకు తప్ప. చెక్కిన మట్టి ఇంకా తడిగా ఉంది. మట్టి తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. మట్టి వాసన కాదు. కిరసనాయిలు లాంటిది ఏదో.

ఇక మిగిలింది ఆ మూడు ఫోటోలే.

*

బస్సులో జమేదారు, రామ్‌దాస్ ముందు సీట్లో కూర్చున్నారు. భీమవ్వ వెనక. ఆమెకు రెండు సీట్ల అవతల భూమన్న. చనిపోయినామె తరఫు మనిషి ఉండాలని అతన్నీ పిలిచారు. ఎడపల్లి నుంచి నిజామాబాద్ దాకా అతను కిటికీలోంచి కాలువనే చూశాడు. తారాబాయి అత్తకు గుడ్డలో రెండు రొట్టెలు కట్టి ఇచ్చింది. భీమవ్వ ఆ మూట ఒళ్లో పెట్టుకుని విప్పలేదు.

ఆఫీసు కంఠేశ్వర్‌లో ఒక అద్దె ఇంట్లో ఉంది. ఆఫీసరు చిన్నవాడు, ముప్ఫై కూడా ఉండవు, కోస్తావాడు. బల్ల మీద ఇటుకంత పుస్తకం, ఒక భూతద్దం.

"మొక్క తెచ్చారా?"

జమేదారు గోనెసంచి విప్పాడు. నల్లటి చీము లాంటిది బల్ల కింద కారింది. ఆఫీసరు ముక్కు మూసుకున్నాడు. "నీళ్లతో మూటగడితే కుళ్లదా అండీ? కాగితాల మధ్య ఆరబెట్టాలి కదా! పొలంలో ఇంకోటి లేదా?"

"గట్టు చెక్కించినం సార్," అన్నాడు రామ్‌దాస్. "మళ్ల ఎవరన్న తింటె? మనుషుల పానం సార్."

ఆఫీసరు అతని వైపు ఒకసారి చూసి, కవరులోంచి మూడు ఫోటోలు తీసి వరసగా పెట్టాడు. భూతద్దంతో మొదటిది చూశాడు. పుస్తకం తిరగేశాడు. రెండోది చూశాడు. మళ్లీ తిరగేశాడు. ఫ్యాను గాలికి ఫోటోలు ఎగిరితే ఒకదాని మీద పేపర్‌వెయిట్, ఒకదాని మీద సిరాబుడ్డి పెట్టాడు. అరగంట గడిచింది. జమేదారు కునికాడు. రామ్‌దాస్ మాత్రం కన్నార్పలేదు. ఆఫీసరు వేలు ఏ పేజీ మీద ఆగినా అతని మెడ అటు సాగేది.

"ఫోటోతో మొక్కను పట్టుకోవడం కష్టం. రంగు లేదు, వాసన లేదు, ఎంత ఎత్తో తెలీదు, పువ్వు లేదు. ఇలా కాడ మెలితిరిగి ఆకులు పట్టీల్లా సాగే మొక్క నాకు తెలిసినంతలో లేదు." భీమవ్వ వైపు తిరిగాడు. "నీకు తెలుసా అమ్మా?"

రామ్‌దాస్ దగ్గాడు.

"ఎర్క లేదు," అంది భీమవ్వ.

ఆఫీసరు నిట్టూర్చి కలం మూత తీశాడు. తెల్లకాయితం ముందుకు లాక్కున్నాడు. రాస్తూ పైకి చదివాడు: "ఒక కూలి స్త్రీ మరణానికి కారణమైనదని చెప్పబడుతున్న మొక్క..."

"సారూ," అంది భీమవ్వ. "నాకొక్కసారి ఇయ్యుండ్రి."

"నీకేం తెలుస్తదే అండ్ల?" అన్నాడు జమేదారు కళ్లు తెరిచి.

ఆఫీసరు మొదటి ఫోటో ఆమె చేతికిచ్చాడు. భీమవ్వ ఎన్నడూ ఫోటో పట్టుకోలేదు. చాట పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుంది. వెలుతురు కోసం కిటికీ దగ్గరికి పోయి, అలవాటు కొద్దీ కింద కూర్చుంది.

కలుపు తీసేవాళ్లు ముందు కలుపును చూడరు. ముందు పంటను చూస్తారు. ఏది ఉంచాలో కన్ను ముందు పట్టుకోవాలి, తర్వాతే చెయ్యి కదలాలి. ఆ రోజు గట్టు మీద జమేదారు వేలు పెట్టి చూపించిన మొక్కనే చూసింది భీమవ్వ. చుట్టూ చూడనియ్యలేదు ఎవరూ. ఇప్పుడు ఆమె కన్ను ఫోటో మధ్యకు పోలేదు. సాలు మొదట్లో కూర్చున్నట్టు ఎడమ అంచు నుంచి మొదలుపెట్టింది.

చెరకు పిలకలు. నిక్కి ఉన్నాయి. వాటికేం కాలేదు.

గట్టు మీద గరిక. అదీ నిక్కి ఉంది. సూదుల్లా.

గరిక పక్కన తుమ్మి. పూలబంతి చూసి పట్టింది గానీ, లేకపోతే తుమ్మి అనుకునేది కాదు. దాని మెడ తిరిగి ఉంది. దాని కింద నేలకు పరుచుకున్న గంగవాయిలి. కొసలు మీదికి చుట్టుకుపోయాయి. ఆ పక్కన చెంచలి. అదీ అంతే. గడ్డి జాతికి ఏమీ కాలేదు. ఆకు జాతి ప్రతిదాని మెడా ఎవరో పట్టి తిప్పినట్టు తిరిగింది.

అప్పుడు నడిమి మొక్కను చూసింది. మెలికలు వదిలేసింది. కింద, నేలకు దగ్గర, మెలిపడకముందు పెరిగిన రెండు ముదురాకులు. గీతలు గీతలుగా ఉన్న కాడ. ఆ కాడ జానెడు మీద తెగి ఉంది. కొడవలితో కోసింది కాదు. గోటితో గిల్లింది. గిల్లిన చోటు కిందనుంచి రెండు పిలకలు లేచి మెలితిరిగాయి.

కొస గిల్లి, కాడ వదిలేస్తే మళ్లీ చిగురేస్తుంది. వచ్చే వారం మళ్లీ కూరకు పనికొస్తుంది. ముఠాలో మిగతావాళ్లు మొక్కకు మొక్క పెరుకుతారు. గిల్లేది ఆమె ఒక్కతే.

భీమవ్వ ఫోటోను మోకాళ్ల మీద ఆనించుకుంది. చాలాసేపు లేవలేదు. ఇప్పుడు ఎర్క లేదు అంటే అది అబద్ధం. ఇందాకటి దాకా నిజంగా ఉన్న మాట, ఒక్క చూపుతో అబద్ధమైపోయింది. తెలుసు అంటే, తెంపింది నేనే అన్నట్టు. దవాఖానాలో ముగ్గురు, కాటిలో ఒకతె, అందరూ ఈ గోటికే వేలాడతారు.

"ఏమైందవ్వా?" అన్నాడు రామ్‌దాస్. గొంతులో తేనె. "కండ్లు గుంజుతున్నయా? ఇచ్చెయ్యి. సారుకు ఆలస్యమైతున్నది."

ఆమె లేచి ఫోటోను ఆఫీసరు ముందు పెట్టింది. రామ్‌దాస్ వైపు చూడలేదు. గుమ్మంలో తుండు భుజం మీద వేసుకుని నిలబడ్డ భూమన్నను చూసింది.

"ఇది గునుగు సారూ, మేం కూరొండుకునే ఆకు. నేనే తెంపిన."

ఆఫీసరు కలం ఆపి తలెత్తాడు.

"గునుగా?" రామ్‌దాస్ లేచాడు. "బతుకమ్మల పెట్టే గునుగు గిట్లుంటదా? నాకెర్క లేదా గునుగు? సార్, ముసల్దానికి మతి పోయింది. మొన్న గట్టు మీద ఎర్క లేదన్నది, అంగూటా ఏసింది. జమేదార్ సాబ్‌నడుగుండ్రి."

"ఏసిన. మొన్న నా కండ్లు గుర్తువట్టలే. నేను తెంపిన పొద్దు అది సక్కగనే ఉండె. గిట్లయింది తర్వాత." భీమవ్వ వేలు ఫోటో మీద పెట్టింది. "సూడు సారూ. గిది నేను గిల్లిన కాడ. గిది తుమ్మి. గిది గంగవాయిలి. గిది చెంచలి. అన్నిటి మెడలు తిరిగినయి. గరికను సూడు. చెరుకును సూడు. ఎట్ల నిక్కినయో. ఆకుకొచ్చిన రోగం గడ్డికెందుకు రాలే? రోగమైతె ఏరుకోని వస్తదా?"

ఆఫీసరు భూతద్దం తీసుకున్నాడు. ఇప్పుడు అతను కూడా అంచుల నుంచి చూశాడు. మూడు ఫోటోలూ చూశాడు. మెల్లగా పుస్తకం మూసేశాడు. ఆ పుస్తకంతో ఇక పని లేదు.

"మేనేజరు గారూ, మీ ఫారంలో కలుపు మందు కొట్టారా?"

"పటేలును అడగాలె సార్."

"గడ్డిని వదిలేసి వెడల్పాకు మొక్కల్ని మెలితిప్పే మందు ఒకటుంది. శిక్షణలో చూశాను. ఎప్పుడు కొట్టారు? ఒట్టి కలుపు మందుకు మనుషులు ఇలా అరగంటలో పడిపోరు. అందులో ఇంకేం కలిపారు?"

"నాకు తెల్వది సార్. నేను లెక్కలు సూసేటోణ్ణి."

"నాకెర్క," అన్నాడు భూమన్న.

అందరూ గుమ్మం వైపు తిరిగారు. అతను తుండు తీసి చేతుల్లో నలుపుతున్నాడు.

"ఆదివారం పొద్దుగూకంగ ఇద్దరు వీపులకు పీపాలు కట్టుకోని దిగిండ్రు. కింది సగం మడిల. నీళ్లు కావాలంటె తూము తీసిన. నేనే తీసిన. చెరుకు పురుగు మందు డబ్బాలు గూడ అండ్లనే వంపిండ్రు, రెండుసార్ల పని ఒక్కసారి అయితదని. ఈ రామ్‌దాసే దగ్గరుండె. వాసనకు ముక్కు మూసుకోని గట్టు దిగిన. మర్నాడు మావోళ్లు గా గట్టు మీదికే వోతరని..." అతను తుండుతో ముఖం తుడుచుకున్నాడు. "నాకు యాదికి రాలె. కలుపు మందని ఒకటుంటదని నాకేం ఎర్క? పెద్దోళ్ల చెరుకు, పెద్దోళ్ల మందు అనుకున్న. ఎవ్వలికి చెప్పలె."

జమేదారు కుర్చీలో సర్దుకుని, ఎందుకో టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

ఆఫీసరు ఇందాక రాసిన కాయితం చింపి ఇంకొకటి తీశాడు. "అమ్మా, తెంపింది నువ్వేనని రాయాల్సి వస్తుంది. అది నీ మీదికి రావచ్చు. వాళ్లకు వకీళ్లుంటారు. ఆలోచించుకో."

"ఆలోచన అయింది. గునుగు తెంపిన, గునుగు వండిన. గట్లనే రాయి. ఫోటో ఎనక పేరు గూడ రాయి సారూ. గుర్తు తెల్వని మొక్క కాదది."

అతను ఫోటో తిప్పి వెనక రాశాడు. కాయితం మీద రాస్తుంటే భీమవ్వ వంగి చూసింది. చదువు రాదు, అయినా చూసింది. "ఇందాక కూలి స్త్రీ అని సదివినవు. ఆమెకు గూడ పేరున్నది. ఈరవ్వ."

అతను కొత్త కాయితం మీద 'కూలి' అన్న మాట పక్కన ఈరవ్వ అని రాశాడు.

సిరా డబ్బా వచ్చింది. ఈసారి ఎవరూ ఆమె వేలు పట్టుకోలేదు. ఆమే ముంచింది. ఆమే అద్దింది. భూమన్న కూడా ఆ పక్కనే అద్దాడు.

*

బస్టాండులో బోధన్ బస్సుకు ఇంకా గంట ఉంది. రామ్‌దాస్ ఏదో లారీ ఎక్కి ముందే పోయాడు. ఎక్కడికి పోయాడో, ఎవరితో ఏం చెప్తాడో ఇద్దరికీ తెలుసు. రేపటి నుంచి ఆ ఫారంలో ముఠాకు పని లేదు. కేసు ఏమవుతుందో తెలియదు. కాయితాలు పెద్దవాళ్ల ఇళ్ల వైపు నడవడం ఇద్దరూ చూసినవాళ్లే.

భీమవ్వ సిమెంటు బల్ల మీద ఒక చివర కూర్చుంది. భూమన్న రెండో చివర కూర్చున్నాడు. తల దించుకుని అన్నాడు:

"తూము తియ్యకపోతె..."

"ఊకో."

"తప్పు నీ మీద వెట్టిన. వారం దినాలు నీ మీదనే వెట్టిన."

"ఊకోమన్న గద."

ఆమె ఒళ్లో మూట విప్పింది. పొద్దుటి రొట్టెలు, ఎండుమిర్చి కారం. గుడ్డ మొత్తం బల్ల మీద పరిచి అతని వైపు తోసింది. తాను చెయ్యి వెనక్కి తీసుకుంది. బొటనవేలి మీద సిరా ఇంకా ఆరలేదు.

భూమన్న రొట్టెల వైపు చూశాడు. తీసుకోలేదు. ఆకలి లేదేమో అనుకుంది.

"నువ్వే తుంచియ్యి వదినా," అన్నాడు భూమన్న, చెయ్యి చాచి.